మడత భూతద్దం: జొన్నమల్లె, బంగారు తీగ గుర్తుపట్టడానికి ఎంతవరకు పనికొస్తుంది?

బంగారం పనివాళ్లు కంటికి ఆనించుకునే చిన్న మడత భూతద్దం ఇప్పుడు ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతోంది. పాలమూరు, నల్లగొండ చేలల్లో ఇతర మొక్కల మీద బతికే జొన్నమల్లె, బంగారు తీగ లాంటి కలుపును అక్కడికక్కడే తేల్చుకోవాలంటే ఇంత అక్కరకొచ్చే వస్తువు మరొకటి లేదు. కాకపోతే దాని మీద అచ్చేసిన అంకెను నమ్మి కొనకూడదు.

'30 రెట్లు, 21 మిల్లీమీటర్లు' (అద్దం వెడల్పు) అని రాసి ఉండే చవక అద్దాలు చాలావరకు 10 రెట్లకు మించవు. తేల్చుకోవడం సులువు. పగటిపూట కిటికీకి ఎదురు గోడ దగ్గర అద్దం పట్టుకుని కొద్దికొద్దిగా జరిపితే, బయటి చెట్టు బొమ్మ తలకిందులుగా గోడ మీద పడుతుంది. బొమ్మ తేటపడ్డాక అద్దానికీ గోడకూ మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి, 250ని దానితో భాగించాలి. దూరం 25 ఉంటే అద్దం 10 రెట్లది. నిజంగా 30 రెట్లదైతే దూరం 8 మిల్లీమీటర్లే ఉండాలి. చేను పనికి 10 రెట్లదే మంచిది. అంతకు మించితే మొక్కను అద్దానికి మరీ దగ్గరగా పెట్టాలి, వెలుతురు అందదు, చెయ్యి కాస్త కదిలినా చూపు తప్పిపోతుంది. గాజుదే కొనండి. ప్లాస్టిక్‌ది రెండు రోజులు జేబులో తాళాలతో ఉంటే గీతలు పడుతుంది.

చాలామంది అద్దాన్ని చెయ్యి చాచి పట్టుకుని ఏమీ కనిపించట్లేదంటారు. అద్దాన్ని కనుబొమకు ఆనించి, మొక్కను అద్దం దగ్గరికి తేవాలి. మధ్యలో రెండున్నర సెంటీమీటర్లు చాలు. అద్దం పట్టిన చేతికి మొక్క పట్టిన చేతిని ఆనిస్తే వణుకు తగ్గుతుంది. కొన్నిటికి చిన్న లైటు కూడా ఉంటుంది గానీ, నున్నటి తీగ మీద అది మెరుపు కొట్టి చూడనివ్వదు. ఎండే మేలు.

ఇక అసలు పని, జొన్న వేళ్లకు అంటుకుని బతికే జొన్నమల్లె. తేమ ఉన్నా జొన్న వాడిపోతుంటే, మొదళ్ల చుట్టూ సన్నాకుల చిన్న మొక్కలు తెల్లపూలతో కనిపిస్తే అనుమానించాలి. పువ్వును అద్దం కింద పెడితే దాని గొట్టం పై భాగంలో మోచేయిలా వంగి ఉంటుంది. పువ్వును పట్టి ఉంచే ఆకుపచ్చ తొడుగు మీద నిలువు ఈనెలు లెక్కపెట్టండి. జొన్నమల్లె శాస్త్రీయ నామం స్ట్రైగా, అందులో రకాలున్నాయి: 10 ఉంటే స్ట్రైగా ఏషియాటికా, 5 ఉంటే డెన్సిఫ్లోరా, 15 ఉంటే అంగుస్టిఫోలియా. కంటితో ఈ లెక్క కుదరదు, అద్దంతో నిమిషం పట్టదు.

అది జొన్న వేరుకు అంటుకున్న అతుకు చూడాలంటే మాత్రం జొన్నమల్లెను పీకకూడదు, వేరు అక్కడే తెగిపోతుంది. జొన్న మొదలుకు జానెడు దూరంలో చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, ఊపుతూ కడగాలి. జొన్న వేరుకు మల్లె అంటుకున్న చోట చిన్న బుడిపె కనిపిస్తుంది. అదే పీల్చే అవయవం. ఒక్కసారి అది చూస్తే, పైపైన కోసెయ్యడం ఎందుకు చాలదో తెలిసిపోతుంది.

ఈ అద్దం చేయలేనిదీ ఇక్కడే ఉంది. మల్లె నేల పైకి రాకముందే, వారాల తరబడి మట్టిలోనే జొన్న సారం లాగేస్తుంది. పైన కనిపించేసరికి ఆ కారుకు నష్టం జరిగిపోయి ఉంటుంది. విత్తనం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, ఒక మొక్క వేలకొద్దీ రాలుస్తుంది, అవి నేలలో ఏళ్లపాటు బతుకుతాయి. మట్టిలో వాటిని ఈ అద్దంతో వెతకడం కుదిరే పని కాదు. కాబట్టి పూతకు ముందే తీసెయ్యాలి, ఆ చేలో పత్తి వెయ్యాలి. పత్తి వేరు ఊటకు మల్లె విత్తనం మొలుస్తుంది కానీ, దానికి అంటుకోలేక చస్తుంది.

ఇతర మొక్కలకు చుట్టుకుని సారం పీల్చే బంగారు తీగ విషయంలో అద్దం పూర్తి మార్కులు తెచ్చుకుంటుంది. ఇదీ, తుప్పల మీద అల్లుకునే పాచి తీగా దూరం నుంచి ఒకటే. పువ్వు చూడండి: రెక్కలు 5 ఉంటే బంగారు తీగ, మూడేసి చొప్పున రెండు వరుసలుంటే పాచి తీగ. కాయ చిదిపితే పాచి తీగలో ఒకే విత్తనం, బంగారు తీగలో నాలుగు దాకా ఉంటాయి. కొమ్మ మీది చుట్టను మెల్లగా విప్పితే లోపలి వైపు కుట్టు వేసినట్టు వరసగా పీల్చే మొలకలు కనిపిస్తాయి.

పాడి కోసం లూసర్న్ అనే పశుగ్రాసం వేసేవాళ్లకు ఇంకో లాభం. తెచ్చిన విత్తనంలో పిడికెడు తెల్లకాగితం మీద పరిచి చూడాలి. లూసర్న్ గింజ నున్నగా, మూత్రపిండం ఆకారంలో ఉంటుంది. గరుకుగా, గుండ్రంగా, మిల్లీమీటరు వెడల్పున్నవి దొరికితే అది బంగారు తీగ, ఆ సంచి వాపసు ఇచ్చెయ్యండి.

కొల్లాపూర్ మామిడి తోటల్లో బదనిక (చెట్టు కొమ్మల మీద బతికే మొక్క) పట్టిన కొమ్మకు ఈ అద్దం అక్కర్లేదు. అతుకు ఉబ్బి కంటికే కనిపిస్తుంది, దాని కింది నుంచి కొమ్మ కోసేస్తే సరి. తోటలు మాత్రమే ఉన్నవాళ్లు దీని మీద డబ్బు పెట్టకండి. జొన్న, సజ్జ, లూసర్న్ వేసేవాళ్లు కొనండి. కొన్నాక ఎర్ర దారం కట్టి మెడలో వేసుకోండి, గడ్డిలో పడితే మళ్లీ దొరకదు.