చిగురు గ్రాఫ్ట్ సర్జరీ: మూడేళ్లు దాటాక నా అనుభవం

పై దవడలో కోరపన్ను మీద, దాని వెనక పన్ను మీద చిగురు పైకి జరిగి వేర్లు బయటపడితే హనుమకొండలో చిగుళ్ల స్పెషలిస్టు దగ్గర గ్రాఫ్ట్ (అంగిలి నుంచి పొర తీసి అక్కడ అతికించడం) చేయించుకున్నాను. మూడేళ్లు దాటింది. జివ్వుమనడం పోయింది, చిగురు ఇంకా జారకుండా ఆగింది. ఈ రెండింటి కోసమైతే ధైర్యంగా చేయించుకోండి. అందం కోసమే అయితే, మీ పళ్ల మధ్య ఎముక ఎలా ఉందో ముందు అడగండి.

వేరు మీద ఎనామిల్ (పన్నును కాపాడే గట్టి పైపొర) ఉండదు. అందుకే వరంగల్ ఎండల్లో కూడా చల్లటి నీళ్లు తాగాలంటే భయం వేసేది. పటిక నీళ్లు, లవంగ నూనె, ఇలా తలా ఒకటి చెప్పారు. సెన్సిటివిటీ పేస్టుతో బాధ కొంత తగ్గుతుంది గానీ, జారిన చిగురు దానంతట అది వెనక్కి రాదు. నా చిగురు సహజంగానే పలచన. అలాంటివాళ్లకు గట్టిగా తోమడం, గార పట్టడం, ఒక్కోసారి క్లిప్పులు పెట్టించుకోవడం కూడా కారణమవుతాయి.

ముందు స్కేలింగ్ చేసి (అంటే గార తీసి), బ్రష్ ఎలా పట్టాలో నేర్పి, అది కుదిరాకే సర్జరీకి ఒప్పుకున్నారు. ఈ పద్ధతి నాకు నచ్చింది. నోటికి మత్తు ఇచ్చి, అంగిలి లోపలి పొర కొంచెం తీసి వేరు మీద పరిచి, చిగురును దాని మీదికి లాగి కుట్టారు. చేసేటప్పుడు నొప్పి లేదు.

అసలు బాధంతా అంగిలిదే. గ్రాఫ్ట్ పెట్టిన చోటు కంటే, తీసిన చోటే ఎక్కువ రోజులు మండింది. పచ్చిపులుసు, కారం దగ్గరికి రానివ్వలేదు. చల్లారిన జొన్న గట్క మజ్జిగలో కలుపుకుని, పెరుగన్నం మెత్తగా పిసుక్కుని తిన్నాను. ఇంట్లో సకినాలు చేసే సంక్రాంతి రోజుల్లో మాత్రం ఈ సర్జరీ పెట్టుకోకండి. రెండు పళ్లూ ఒకేసారి చేయించుకుంటే అంగిలికి గాయం ఒక్కసారితో పోతుంది.

మొదట్లో గ్రాఫ్ట్ తెల్లగా, వాచినట్టు కనిపించి టెన్షన్ పెడుతుంది. పెదవి ఎత్తి అద్దంలో చూసుకోవద్దు, కుట్లు లాగేస్తాయి. అక్కడ బ్రష్ వాడనివ్వరు కాబట్టి క్లోర్‌హెక్సిడిన్ మౌత్ వాష్ ఇస్తారు. దానితో పళ్లకు గోధుమ రంగు మరకలు పడతాయి, నాలుకకు రుచి తెలియదు. మరకలు తర్వాత క్లీనింగ్‌లో పోయాయి.

కోరపన్ను వేరు పూర్తిగా కప్పుకుంది. వెనక పన్ను మీద సన్నని గీతలా కొంచెం మిగిలింది. పళ్ల మధ్య ఎముక తగ్గిన చోట వేరు మొత్తం మూసుకోదని ఎక్స్‌రే చూపించి ముందే చెప్పారు కాబట్టి నాకు నిరాశ కలగలేదు. పొగ, గుట్కా అలవాటున్నవాళ్లు ముందు అవి మానాలి. చిగురుకు రక్తం సరిగా అందకపోతే గ్రాఫ్ట్ అతుక్కోదు.

ఇప్పుడు కింది ముందు పళ్ల దగ్గర కూడా చిగురు పలచగా ఉందని ఆర్నెల్లకోసారి కొలిచి చూస్తున్నారు. అది జారడం మొదలైతే మళ్లీ ఇదే చేయించుకుంటాను.