డిశ్చార్జి డేటానా, ఏఎన్ఎం రిపోర్టా: జిల్లా ఆరోగ్యం గురించి తెలుసుకోవడానికి ఏది మేలు?

నా మాట ముందే చెప్పేస్తాను. విరేచనాలు, జ్వరాలు లాంటి వాటికి ఏఎన్ఎంలు (ఊళ్లో ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు), ల్యాబుల నుంచి వచ్చే రిపోర్టే మేలు. కిడ్నీ, గుండె, పక్షవాతం, యాక్సిడెంట్లు, పురుగుమందు తాగిన కేసులు... వీటికి ఆసుపత్రి డిశ్చార్జి డేటాకి, అంటే పేషెంటుని ఇంటికి పంపేటప్పుడు రాసే కాగితాల లెక్కకి, సాటి లేదు.

2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి గుర్తుందా? తాగేనీళ్లలో మురుగు కలిస్తే జనం మొదట చేసేది మెడికల్ షాపులో మాత్రలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు కొనుక్కోవడం, తర్వాత ఆర్ఎంపీ దగ్గర సెలైన్, అప్పటికీ తగ్గకపోతేనే పెద్దాసుపత్రి. అక్కడ చేరి, కోలుకుని, డిశ్చార్జయి, ఆ కాగితం కంప్యూటర్‌లోకి ఎక్కేసరికి ఎన్ని రోజులు పోతాయి? అన్ని రోజులూ ఆ పైపు కారుతూనే ఉంటుంది. అదే ఏఎన్ఎం వీధిలో నాలుగిళ్లలో విరేచనాలని ఎస్ ఫారంలో (లక్షణాలు చూసి అనుమానిత కేసులు రాసే ఫారం) ఎక్కిస్తే ఆ రోజే పైవాళ్లకి కనిపిస్తుంది. 2004లో మొదలైన ఐడీఎస్పీ (జబ్బుల మీద నిఘా పెట్టే కేంద్ర కార్యక్రమం), ఆ రిపోర్టులు ఆన్‌లైన్‌లో ఎక్కించడానికి 2021లో దేశమంతటా వచ్చిన ఐహెచ్ఐపీ పోర్టల్ ఉన్నది ఇందుకే. ప్రైవేటు ఆసుపత్రులు అందులో సరిగా ఎక్కించకపోవడమే పెద్ద లోటు.

కానీ ఎస్ ఫారంలో కిడ్నీ జబ్బు ఎక్కడుంది? ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాలనే తీసుకోండి, ఏళ్లుగా కిడ్నీ జబ్బుతో నలిగిపోతున్నాయి. ఇలాంటిది ఏ ఒక్క వారంలోనూ ఉప్పెనలా రాదు, అందుకే ఏ రోజువారీ రిపోర్టూ దాన్ని పట్టుకోలేదు. పదేళ్ల డిశ్చార్జి కాగితాలు మండలాల వారీగా పేర్చి చూస్తే మాత్రం ఎక్కడ పెరుగుతోందో, ఏ వయసువాళ్లకి వస్తోందో తెలిసిపోతుంది.

అయితే ఆ కాగితం సరిగ్గా ఉండాలి, అసలు గొడవంతా అక్కడే. డయాగ్నసిస్ దగ్గర "ఏకేఐ ఆన్ సీకేడీ, టీ2డీఎం, హెచ్‌టీఎన్" (పాత కిడ్నీ జబ్బు మీద హఠాత్తుగా కిడ్నీ దెబ్బతినడం, షుగరు, బీపీ) అని గొలుసుగా రాస్తారు, అందులో అసలు జబ్బు కింద ఏది కోడ్ చెయ్యాలో, అంటే దేని నంబరు వెయ్యాలో, మెడికల్ రికార్డ్స్‌లో కూర్చున్న మనిషికి ఎవరు చెప్తారు? "ఫీవర్ అండర్ ఎవాల్యుయేషన్" అని రాసి పంపేస్తే అది డెంగీయో టైఫాయిడో ఎప్పటికీ తేలదు. ఒకే మనిషి డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు వస్తే, వచ్చిన ప్రతిసారీ కొత్త పేషెంటుగా లెక్కేస్తే ఒక్కరు నెలలో పది మందవుతారు. ఇక అడ్రస్. మాచర్ల నుంచి వచ్చినాయన బ్రాడీపేటలో బంధువుల ఇంటి అడ్రస్ ఇస్తే, పల్నాడు జబ్బు గుంటూరు ఖాతాలో పడుతుంది.

2007 నుంచి ఆరోగ్యశ్రీ క్లెయిములు ఉన్నాయిగా, అవి చాలవా అంటారు కొందరు. చాలవు. ప్యాకేజీలో, అంటే పథకం డబ్బు కట్టే చికిత్సల జాబితాలో, ఉన్న జబ్బే అందులో కనిపిస్తుంది, సొంత డబ్బు కట్టుకున్నవాళ్లు, ప్రైవేటు ఇన్సూరెన్స్ వాళ్లు అసలుండరు. ప్యాకేజీ మారితే జబ్బు పెరిగినట్టో తగ్గినట్టో అనిపిస్తుంది, ఊళ్లో ఏమీ మారకపోయినా.

కాబట్టి రెండూ ఉంచాలి, కానీ డబ్బు, మనుషులు ఇప్పుడు డిశ్చార్జి వైపు పెట్టాలి, ఎందుకంటే వెనకబడింది అదే. ప్రతి పెద్దాసుపత్రిలో శిక్షణ ఉన్న కోడర్ (జబ్బులకి నంబర్లు వేసే మనిషి) ఒకరు, అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఊరు, మండలం తప్పనిసరి, డిశ్చార్జి సమ్మరీలో అసలు జబ్బు విడిగా ఒక గడిలో. పేషెంటు పేరు, ఫోన్ నంబరు తీసేశాకే అది జిల్లా ఆఫీసుకి వెళ్లాలి.