ప్రసాదం చేతికందినప్పుడు: తినడమా, వద్దనడమా?

మా సంఘంలో యౌవనస్థుల కూడిక ఎప్పుడు పెట్టినా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తారు. "కొండకు వెళ్లొచ్చిన సార్ లడ్డు పెట్టారు. తినాలా, వద్దనాలా?" తిరుపతిలో ఉద్యోగం చేసే క్రైస్తవుడికి ఇది ఏడాదికొకసారి వచ్చే సందర్భం కాదు. నెలలో నాలుగైదు సార్లు ఎవరో ఒకరు గుండుతో, నుదుట నామంతో, చేతిలో లడ్డు కవరుతో ఆఫీసుకు వస్తారు. ఇరవై ఏళ్లుగా నాదీ ఇదే అనుభవం కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

తినవచ్చు అనేవారి మాటను తేలికగా తీసిపారేయలేం. తింటే మనకు ఎక్కువయ్యేది లేదు, తినకపోతే తక్కువయ్యేదీ లేదని బైబిల్లో కొరింథు సంఘానికి రాసిన లేఖలో అపొస్తలుడైన పౌలే రాశాడు. కటికి అంగడిలో అమ్మేదాన్ని ఏ విచారణా చేయకుండా తినమన్నాడు. పైగా ఆ మనిషి గంటల తరబడి క్యూలో నిలబడి తెచ్చుకున్నదాంట్లోంచి మనకొక ముక్క తీసి పెట్టాడు. అంత ప్రేమగా చాపిన చేతిని కాదంటే మనం చెప్పే ప్రేమకు అర్థమేముందని వారి ప్రశ్న.

వద్దనేవారికీ గట్టి ఆధారమే ఉంది. విగ్రహాలకు అర్పించినవాటిని విడిచిపెట్టమని యెరూషలేములోని సంఘ పెద్దలు అన్యజనుల (యూదులు కానివారి) నుంచి వచ్చిన విశ్వాసులకు రాసి పంపారు. ఇది బైబిల్లో అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఉంది. బైబిల్లోని దానియేలు ప్రవక్త తనను అపవిత్రపరుచుకోకూడదని బబులోను రాజు భోజనం ముట్టలేదు. అయితే అతను పళ్లెం తోసేయలేదు. అధికారిని బతిమాలి పది రోజుల గడువు అడిగాడు. వద్దనే మనవాళ్లు చాలామంది ఆ బతిమాలడాన్ని మరిచిపోతారు. లడ్డు చూడగానే మొహం చిట్లించి చేయి వెనక్కి లాక్కోవడం చూస్తే నాకు ఎంతో బాధ కలుగుతుంది.

నా మట్టుకు తేల్చే విషయం ఒకటుంది. అంగడిలో మాంసం విగ్రహాలకు అర్పించిందో కాదో చూసి చెప్పలేం. దాన్ని గురించి విచారించవద్దన్న పౌలే, అదే అధ్యాయంలో, ఇది అర్పించినదని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినవద్దన్నాడు. తిరుమల లడ్డు విషయంలో ఎవరూ చెప్పనవసరం లేదు. 2009లో భౌగోళిక గుర్తింపు (ఫలానా చోటిదే అని చెప్పే జీఐ ముద్ర) పొందిన లడ్డు అది. కవరు విప్పకముందే నెయ్యి, పచ్చకర్పూరం వాసన చెప్పేస్తుంది. ఇచ్చేవాడు కూడా దాన్ని మిఠాయిగా ఇవ్వడం లేదు, ప్రసాదంగా ఇస్తున్నాడు. కళ్లకద్దుకుని తింటాడు, కింద పడిన పలుకు కూడా ఏరుకుంటాడు. దాన్ని 'ఒట్టి స్వీటే కదా' అని నేను నోట్లో వేసుకుంటే, నా విశ్వాసం సంగతి అటుంచి, అతని భక్తిని చిన్నబుచ్చినవాణ్ణవుతాను. తినడమే ప్రేమ అనుకునేవారు ఈ సంగతి ఆలోచించాలి.

తీసుకుని దాచేయడం అనే మూడో దారి మీద వాదన అక్కర్లేదు, నేను చేసిందే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్క సీటు మిత్రుడు ఇచ్చిన ముక్కను 'తర్వాత తింటాను' అని కాగితంలో చుట్టి సొరుగులో పెట్టి మరిచిపోయాను. నాలుగో రోజు స్టాప్లర్ కోసం అతనే ఆ సొరుగు తెరిచాడు. జీడిపప్పు చుట్టూ చీమలు పట్టి ఉన్నాయి. అతను ఒక్క మాట అనలేదు. కాగితంతో సహా రెండు చేతులతో తీసుకుని బయటికి వెళ్లి, చెట్టు మొదట్లో పెట్టి వచ్చాడు. ఆ సాయంత్రం అతన్ని టీకి తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. "నేను తినను. మీ దేవుడి మీద చులకనతో కాదు, నా ప్రభువుకు ఇచ్చిన మాట అది. ఆ రోజే చెప్పాల్సింది, ధైర్యం చాలలేదు."

"ముందే చెప్పి ఉంటే మా అత్తకు ఇచ్చేవాణ్ణి కదా సార్" అన్నాడు.

మరుసటి సంక్రాంతికి వాళ్లమ్మగారు నైవేద్యం పెట్టకముందే నా కోసం చక్కెర పొంగలి విడిగా తీసి డబ్బాలో పంపారు. క్రిస్మస్‌కు వాళ్లింటికి మేం గుడ్డు లేని కేకు చేసి పంపుతాం.

కాబట్టి నా మొగ్గు వద్దనడం వైపే. ముఖం చూసి, నవ్వుతూ, మొదటిసారే చెప్పేయాలి. రాజ్యాంగం 25వ అధికరణ మనస్సాక్షి స్వేచ్ఛను అందరికీ ఇచ్చింది కానీ, పక్క సీటు మనిషితో హక్కుల మాట ఎత్తవలసిన అవసరం నాకు ఎన్నడూ రాలేదు. తినే సోదరుణ్ణి నేను తప్పుపట్టను; నిన్నమొన్న బాప్తిస్మం తీసుకున్న అమ్మాయి ఆ పక్కనే కూర్చుని ఉంటే మాత్రం, ఆమె మనసులో ఏమనుకుంటుందో ఆగి చూడమంటాను. ఇచ్చినవాడి ఎదుటే ఆ ముక్కను భక్తితో తినే మరొకరికి అందించడం కూడా మంచి పద్ధతే.

ఇక వాళ్లింటికి భోజనానికి పిలిస్తే? నిస్సందేహంగా వెళ్లండి. ఆకులో వడ్డించింది ఎక్కడిదని ఆరా తీయకండి. పిలిచినవారి ఇంట పెట్టింది తినమనే పౌలు చెప్పాడు. కడుపునిండా తిని రండి.