బ్రాటిగన్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి: ట్రౌటా, లానా?

అమెరికన్ రచయిత రిచర్డ్ బ్రాటిగన్ పేరెత్తితే చాలు, ఎవరైనా ముందు చెప్పేది 'ట్రౌట్ ఫిషింగ్ ఇన్ అమెరికా' (ట్రౌట్ అంటే వాగుల్లో దొరికే చేప) గురించే. 1967లో వచ్చింది, శాన్‌ఫ్రాన్సిస్కో హిప్పీ కుర్రకారు ఎగబడి చదివారు, అప్పటిదాకా దారినపోయేవాళ్ల చేతికి కవితలిచ్చి తిరిగిన మనిషి రాత్రికి రాత్రి స్టార్ అయిపోయాడు. నన్నడిగితే మాత్రం 1971 నాటి కథల పుస్తకం 'రివెంజ్ ఆఫ్ ది లాన్' ముందు చదవండి.

ట్రౌట్‌ని నవల అంటారు గానీ అందులో కథ కోసం వెతికితే విసుగొస్తుంది. అన్నీ చిన్న చిన్న ముక్కలు. పుస్తకం పేరే ఒకచోట మనిషి, ఇంకోచోట హోటల్, మరోచోట ఉత్తరం కింద సంతకం. పాత సామాన్ల యార్డులో వాడేసిన వాగుని అడుగుల లెక్కన అమ్మే ఘట్టం ఒక్కటి చాలు పుస్తకం కొన్న డబ్బులకి: మొదటి వంద అడుగులకి అడుగు ఆరున్నర డాలర్లు, ఆపైన ఐదు, జలపాతాలకి వేరే రేటు. అమ్మేవాడు నవ్వడు, గుడ్డల కొట్టువాడు తానులోంచి కొలిచి ఇస్తానన్నంత మామూలుగా చెప్తాడు. అన్ని ముక్కలూ ఇలా ఉండవు, సగానికొచ్చేసరికి చమత్కారం అలవాటైపోతుంది.

లాన్‌లో 62 కథలు. ఒకటి మరీ రెండే వాక్యాలు: వయొలిన్ నేర్చుకునేవాడితో ఒకే గదిలో కాపురం చాలా కష్టమండీ అంటుంది ఆవిడ, ఖాళీ రివాల్వర్ పోలీసుల చేతిలో పెడుతూ. మన కార్డు కథలు కూడా దీనిముందు పొడుగే! కొన్ని కథలు తేలిపోతాయి, డైరీలో గీసుకున్నవాటిలా ఉంటాయి, వాటిని దాటేయండి.

'1/3, 1/3, 1/3' మాత్రం దాటొద్దు. కలప కోత మిల్లు దగ్గర ట్రైలర్‌లో (చక్రాల మీది ఇల్లు) ఉండే ఒకాయన నవల రాస్తున్నాడు, ఒకావిడ దిద్దుతుంది, టైపు మిషన్ ఉందన్న ఒకే ఒక్క అర్హతతో పదిహేడేళ్ల కుర్రాడు టైపు కొడతాడు, వచ్చే డబ్బు మూడు వాటాలు. నవల నిండా అక్షర దోషాలే. ముగ్గురూ వానలో ఆ ట్రైలర్‌లో కూర్చుని అమెరికన్ సాహిత్యం తలుపులు బాదుతుంటారు. వాళ్లని వెక్కిరించడం ఎంత తేలికో, బ్రాటిగన్ ఆ పని చేయడు, ఎందుకంటే పేదరికంలో పెరిగిన ఆయనా ఆ బాపతే. పుస్తకంలో చివరి కథలో, కథ చెప్పే మనిషి తన మామగారు పోయాడని భార్యకి చెప్పాలి, ఆ జీవితం మొత్తం 33 నంబర్లలో రాసేస్తాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినాయన, చివరికి జానిటర్, అంటే ఊడ్చి శుభ్రం చేసే పనివాడు. జాబితా చదివి ఏడుస్తానని నేననుకోలేదు.

ట్రౌట్‌లో ఆశ్చర్యం ఎక్కువ, లాన్‌లో మనుషులెక్కువ. నా ఓటు మనుషులకే. ఇంకో సంగతి, ట్రౌట్ రాసేటప్పుడు పోయిన రెండు అధ్యాయాల్ని ఏళ్ల తర్వాత మళ్లీ రాసి లాన్‌లోనే పెట్టాడు. అవి చదివి నోరూరితే అప్పుడు ట్రౌట్ కొనుక్కోండి.