12 సూదుల ఎంబ్రాయిడరీ మిషన్: మగ్గం పక్కన 4 ఏళ్ల వాడకం

పెళ్లి జాకెట్ల పనికి ఒకే హెడ్డు, 12 సూదుల కంప్యూటర్ మిషన్ 4 ఏళ్లుగా వాడుతున్నాం. చేతి ఎంబ్రాయిడరీకి బట్ట బిగించే మగ్గం ఎత్తేసి దీన్ని పెట్టుకుందామనుకునేవాళ్లు కొనకండి. మగ్గం పక్కన పెట్టుకుంటే మాత్రం పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది.

దారంతో నింపే పనిలో దీనికి తిరుగులేదు. నిమిషానికి 1000 కుట్ల వేగం ఉందంటారు గానీ, పట్టు మీద 700 దాటితే అంచులు జరుగుతాయి. ఆ లెక్కన లక్ష కుట్ల డిజైన్‌కు రంగుల మార్పులతో కలిపి మూడు గంటలు వేసుకోండి.

ఏడిపించేది జరీ. 75/11 సైజు సూది కన్ను ఇరుకు, జరీ ఒరుసుకుని పొర లేచి తెగుతుంది. 90/14 సూది వేసి, వేగం 500కి దించి, పై దారం బిగుతు (టెన్షన్) వదులు చేస్తే సర్దుకుంటుంది. శాటిన్ కుట్టు (పక్కపక్కనే ఒత్తుగా పడే పట్టీ కుట్టు) తిరగేస్తే నడిమి మూడో వంతులో బాబిన్ దారం, అంటే కింది దారం, కనిపించాలి. కొన్న డిజైన్‌ను కుట్ల సంఖ్య తగ్గించకుండా అలాగే కుదిస్తే కుట్లు ఒత్తుగా పడి, సూది రంధ్రాల వెంట పట్టు చిరుగుతుంది. ఊడదీసినా ఆ రంధ్రాలు పోవు. ముందు అదే బట్ట ముక్క మీద కుట్టి చూడాల్సిందే.

పూసలు, కుందన్లు, జర్దోసీ స్ప్రింగు (చుట్టలు తిప్పిన సన్న లోహపు తీగ) చేతిపనే. మిషన్ పని ముందు ముగించి, పూసల వరుసకు 3 మి.మీ. ఖాళీ వదలండి. ఒత్తుగా నిండినచోట మగ్గం మీద వాడే ఆరీ సూది దిగదు. దిగినా దాని కొక్కెం మిషన్ దారాన్ని పట్టి పైకి లాగేస్తుంది. ఆ ఖాళీలో మిషన్ కుట్టేటప్పుడు బట్ట కింద వేసిన పేపరు కూడా చింపేశాకే మగ్గానికి బిగించాలి.

మగ్గం పనివాళ్లు మిషన్‌ను ఒప్పుకోరన్న మాట సగమే నిజం. మెడ, నడుము లాగేసే నింపుడు పని తమకు తప్పుతుందంటే వద్దనేవాళ్లు తక్కువ. మిషన్ పనిని 'మగ్గం వర్క్' అని అమ్మితేనే వాళ్ల కడుపు మండుతుంది. ఆ తక్కువ ధర చూసినవాళ్లు చేతిపనికీ అంతే ఇస్తామంటారు మరి. నర్సాపురం లేసుకైతే ఈ పొత్తు కూడా కుదరదు. అది ఒక్కో ఉచ్చు లాగి అల్లే క్రోషే. నీటిలో కరిగే షీటు మీద మిషన్ కుట్టే లేసు చూపుకే దగ్గర.

తేడా తెలియాలంటే జాకెట్ లోపల చూడండి. బాబిన్ దారం, పేపరు ముక్కలు ఉంటే మిషన్ పని. గొలుసుకుట్టు చివర ముడి ఉంటే ఆరీ. మా బిల్లులో రెండు వరుసలు ఉంటాయి: కంప్యూటర్ పని ఇంత, చేతిపని ఇంత.