విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికి రైలా, బస్సా?

2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం నెల్లూరు నగరంలో కాక వెంకటాచలం మండలం కాకుటూరు వద్ద ఉన్నందున, రోజూ వచ్చిపోయే విద్యార్థికి ప్రయాణం చదువంత ముఖ్యమైన విషయం.

విజయవాడ–గూడూరు రైలు మార్గంలోని వెంకటాచలం స్టేషనులో దిగవచ్చు. కావలి వంటి దూరప్రాంతాల వారికి సీజను టికెట్టు మీద విద్యార్థి రాయితీ నిజంగా పెద్ద ఊరట. అయితే కృష్ణపట్నం రేవు మార్గం కూడా ఇక్కడే చీలుతుంది. ఎక్స్‌ప్రెస్‌లకో గూడ్సు బళ్ళకో దారి ఇస్తూ ప్యాసింజరు ఆగిపోతే మొదటి క్లాసు పోయినట్టే. పైగా, ఇది క్యాంపస్ కోసం కట్టిన స్టేషను కాదు కనుక, దిగాక మళ్ళీ ఆటో వెతుక్కోవాలి.

బస్సు 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా వస్తుంది. 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కల్పించే స్త్రీశక్తి పథకం మొదలయ్యాక, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో విద్యార్థినులు గుర్తింపు కార్డు చూపి సున్నా టికెట్టు తీసుకుంటే చాలు. రద్దీ పెరిగిన మాట నిజమే. పుస్తకాల సంచిని ఛాతీకి హత్తుకుని ఫుట్‌బోర్డు మీద నిలబడడం క్షేమం కాదు. అయినా ఒక బస్సు తప్పితే మరొకటి దొరుకుతుంది, రైలు తప్పితే ఆ పూట అంతే. అందుచేత నెల్లూరు నుంచి వచ్చేవారికి బస్సే మేలని నా అభిప్రాయం. ల్యాబు ముగిసే సాయంత్రం వేళకు అదనపు బస్సులు తప్పక నడపాలి.