కాళ్ల కింద ఆరున్నర అడుగుల మంచు, అయినా ఉడికిపోయిన ఇంజన్: స్క్రాచర్లతో నాలుగు ఏప్రిళ్లు

నా స్నోమొబైల్‌లో, అంటే మంచు మీద నడిపే బండిలో, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం దానితో వచ్చింది కాదు. వంద డాలర్ల చుట్టుపక్కల పెట్టి విడిగా కొన్నది. బండి కింద తిరిగే రబ్బరు పట్టా ఉంటుంది, దాన్ని ట్రాక్ అంటారు; దాని లోపలి పట్టాలకు చెరో పక్క బిగించే రెండు ఉక్కు తీగలు, చివర గట్టి మొన. వాటిని స్క్రాచర్లు అంటారు. బండి పోతుంటే నేల మీది మంచును గీరుతూ వస్తాయి. అదే వాటి పని. ఇంజన్ ఎన్ని సీసీలు, ట్రాక్ ఎన్ని అంగుళాలు అన్న గొడవలోకి నేను పోను, ఆ వీడియోలు బోలెడున్నాయి. పైగా నా చేతికి వచ్చేసరికే ఈ బండి ఇద్దరు యజమానుల్ని చూసింది. దాని గురించి తెలియాల్సింది ఒక్కటే: ఇది కొండల కోసం చేసిన బండి, బరువు తగ్గించడానికి రేడియేటర్ పెట్టలేదు. నేను రాసేదంతా ఆ లేని రేడియేటర్ గురించే అనుకోండి.

మేం సియాటిల్ పక్కన బాథెల్‌లో ఉంటాం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొండెక్కడానికి నాకు వీలు కాదు. శనివారం పిల్లల బాస్కెట్‌బాల్, ఆదివారం తెలుగు బడి. కొత్త మంచు దండిగా పడిన వారం కొండవాలు వైపు చూడొద్దని మా ఆవిడ పెట్టిన షరతు ఒకటి. మంచుచరియల వార్తలు నాకంటే తనే ఎక్కువ చదువుతుంది. అందుకని అందరూ బండ్లు కడిగి కవర్లు కప్పేశాక, ఏప్రిల్‌లో మొదలవుతుంది నా సీజన్. ఐ-90 హైవే మీద 62వ ఎగ్జిట్ దగ్గర క్రిస్టల్ స్ప్రింగ్స్ స్నో పార్కులో ట్రైలర్ నుంచి బండి దించుకొని స్టాంపీడ్ పాస్ వైపు ఎక్కడం. ఆ కనుమ కిందుగా 1888లో పూర్తయిన రైలు సొరంగం ఉంది, దాదాపు రెండు మైళ్లు. పైన మంచులో మేము, కొండ కడుపులో ఎక్కడో గూడ్సు రైలు. కూత వినపడుతుందేమోనని వెళ్లిన ప్రతిసారీ పైన ఇంజన్ ఆపి చెవులు రిక్కిస్తాను. ఇంతవరకూ వినపడలేదు.

మొదటి ఏప్రిల్ సంగతి చెప్పాలి. మా బావమరిది బెల్‌వ్యూలో ఉంటాడు, గుంటూరు మనిషి, నోరు ఊరుకోదు. ఇద్దరం పొద్దున ఆరున్నరకల్లా స్నో పార్కులో ఉన్నాం. ముందు రాత్రే ఫోన్‌లో కొండ మీది కొలత చూసి మురిసిపోయాను. మంచు లోతు ఎనభై అంగుళాల పైనే. ఆరున్నర అడుగులు! ఇంత మంచు పెట్టుకొని జనం ఇళ్లలో ఎందుకు కూర్చున్నారబ్బా అనుకున్నాను.

ఎందుకో మైలున్నర దాటేసరికి తెలిసొచ్చింది. రాత్రి గడ్డకట్టిన దారి సిమెంటు రోడ్డులా ఉంది. బూటు మడమతో గట్టిగా తన్నినా గుంట పడలేదు. ట్రాక్ మీది రబ్బరు పళ్లకు దిగబడే చోటే లేదు, బండరాయి మీద పోతున్నట్టు టకటకలాడుతూ పైపైన పోతున్నాయి. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ వేడి మామూలుగా 120, 130 ఫారెన్‌హీట్ దగ్గర ఆడుతుంటుంది. ఆరోజు మీటర్లో 150 చూశాను. కాసేపటికి 170. ముందు మలుపు తిరిగి మళ్లీ చూసేసరికి 190 దాటి ఎర్ర లైటు. ముక్కుకి కాలిన ప్లాస్టిక్ వాసన.

ఆపాను. వెనక వచ్చిన బావమరిది హెల్మెట్ తీసి కాసేపు నా బండి వంక, కాసేపు నేల వంక చూశాడు.

“బావా, గోదావరి ఒడ్డున కూర్చొని గుక్కెడు నీళ్లకి ఏడ్చినట్టుంది మన పని. ఇంత మంచులో ఇంజన్ ఉడకడమేంటి?”

“నవ్వింది చాల్లే, ముందు నీ మీటర్ చూసుకోరా.”

వాడిది 185.

ఈ బండ్లలో వేడెక్కిన కూలెంట్, ట్రాక్ మీద బోర్లించినట్టుండే అల్యూమినియం తొట్టికి అమర్చిన కూలర్లలో తిరుగుతుంది. ట్రాక్ ఎగజిమ్మే మంచు పొడి ఆ కూలర్లకు తగిలి కరుగుతూ ఉంటే వేడి దిగుతుంది. ట్రాక్ జారడానికి పట్టాల కింద ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి, వాటికి కందెన కూడా ఆ పొడే. పొడి లేవకపోతే ఇంజన్‌కి చల్లదనం లేదు, పట్టీలకి తడి లేదు. కింద ఎన్ని అడుగుల మంచుందో బండికి అనవసరం. పైన ఒక్క అంగుళం వదులుగా ఉంటే చాలు, దానికి పండగే.

పారతో ఆ గడ్డను చెక్కి, ముక్కలు తెచ్చి సీటు వెనక అల్యూమినియం మీద పోశాం. చుయ్‌మని కరిగి కారిపోయింది. ఐదు నిమిషాలు నడపడం, పావుగంట ఆపడం. రెండు మైళ్లకు గంటన్నర పట్టింది. హైదరాబాద్ జిల్లేళ్లగూడలో వర్షం పడ్డ సాయంత్రం కూడా నేను ఇంతకంటే వేగంగా ఇల్లు చేరేవాణ్ణి. విచిత్రం ఏమిటంటే, పదిన్నరకి ఎండ తగిలి పైపొర కాస్త మెత్తబడేసరికి, అదే బండి, అదే దారి, మీటర్ 125 దాటలేదు. ఇంటికొచ్చి బండిని పక్కకి వాల్చి చూస్తే ప్లాస్టిక్ పట్టీ ముందు వంపు దగ్గర కరిగి, ట్రాక్ క్లిప్పులకి నల్లగా, నమిలి ఊసిన చూయింగ్ గమ్‌లా అంటుకొని ఉంది. చాకుతో గీకడానికి రెండు సాయంత్రాలు పోయాయి.

ఆ వారం నాన్నకి ఫోన్‌లో ఈ కథ చెప్పాను. మాది అనంతపురం జిల్లా. చిన్నప్పుడు మా చేలో బోరు వేసిన రోజులు బాగా గుర్తు. ఎన్ని అడుగులు వేశారన్నది ఊళ్లో ఎవరూ గొప్పగా చెప్పుకోరు, అది అప్పు లెక్క. “ఎన్ని ఇంచులు పడ్డాయి?” అన్నదే ప్రశ్న. ఆరువందల అడుగులు దించి ఇంచున్నర నీళ్లతో సరిపెట్టుకున్న మనిషి మా నాన్న. అంతా విని, “లోతు సరే, నీళ్లు ఎన్ని ఇంచులు?” అన్నాడు. ఆయన అలవాటు కొద్దీ అన్నాడో, వేళాకోళానికే అన్నాడో తెలియదు గానీ, నేను ఫోన్ పెట్టేసి ఆ కొలతల పేజీ మళ్లీ తెరిచాను. లోతు పక్కనే ఇంకో అంకె ఉంది, నేనే ఎప్పుడూ చూడలేదు: ఆ మంచులో ఎన్ని అంగుళాల నీళ్లున్నాయో.

ఈ కొలతలు ఇచ్చేది స్నోటెల్ అనే ఏర్పాటు, అమెరికా వ్యవసాయ శాఖ నడుపుతుంది. పడమటి రాష్ట్రాల కొండల్లో తొమ్మిది వందలకు పైగా స్టేషన్లు. నిజానికి అది నాలాంటి షోకిలాల కోసం పెట్టింది కాదు, వేసవిలో కాలవలకు ఎంత నీరు వస్తుందో ముందే లెక్కకట్టడానికి. నేల మీద యాంటీఫ్రీజ్ నింపిన పెద్ద దిండు లాంటిది పరిచి ఉంటుంది. దాని మీద పడిన మంచు బరువును బట్టి నీళ్ల అంగుళాలు తెలుస్తాయి. లోతుకి వేరే సెన్సర్, స్తంభం మీంచి ధ్వని పంపి, అది తిరిగొచ్చే వేళను బట్టి కొలుస్తుంది. 1970లలో మొదలైనప్పుడు ఈ కొలతల్ని ఉల్కల మీదుగా పంపేవారట! ఉల్క రాలినప్పుడు ఆకాశంలో క్షణకాలం మిగిలే విద్యుత్ చారకి రేడియో సంకేతం తగిలి, కిందున్న కేంద్రానికి దిగేది. అలాంటి వాళ్ల కష్టాన్ని నేను ఎనభై అన్న ఒక్క అంకెకి కుదించి చూసుకున్నాను. తప్పు నాదే.

ఇప్పుడు నేను మూడు చూస్తాను. లోతు, నీళ్లు, తెల్లవారుజాము చలి. అప్పుడే పడ్డ మంచు పది అంగుళాలు కరిగిస్తే సుమారు అంగుళం నీళ్లు, మా క్యాస్కేడ్ కొండల్లో ఇంకాస్త ఎక్కువ. ఏప్రిల్ వచ్చేసరికి అది కుంగి కుంగి, లోతులో సగానికి దగ్గరగా నీళ్లే. నీళ్లు లోతులో సగముండి, రాత్రి చలి నీళ్లు గడ్డకట్టే 32 ఫారెన్‌హీట్ కంటే బాగా కిందికి పోయిందంటే పొద్దున దారి సిమెంటే, స్క్రాచర్లు దించాల్సిందే. రాత్రంతా గడ్డకట్టకుండా 36, 38 దగ్గరే ఉందంటే అసలు బయల్దేరను. ఆ మంచు లోపలిదాకా నానిపోయి ఉంటుంది, వాలు ఎప్పుడు జారుతుందో చెప్పలేం. ఇంకోటి, తుపాను వెలిసిన మూడు రోజులకి లోతు పది అంగుళాలు పడిపోయిందని మా బావమరిది బెంగపడుతుంటాడు. నీళ్ల అంకె కదలకపోతే మంచు ఎక్కడికీ పోలేదు, కూర్చుందంతే.

సరే, స్క్రాచర్లకి వస్తాను. నేను మొదట కొన్నవి తీగలవి కాదు, స్ప్రింగు చుట్ట ఉన్న ఉక్కు కడ్డీలవి. బిగించిన రోజు నుంచే మహిమ కనపడింది. అదే సిమెంటు దారి, పొద్దున ఏడింటికి, మీటర్ 140 దగ్గర కుదురుగా నిలబడింది. మొనలు గీరిన చోట మంచు రవ్వలాగా లేచి ట్రాక్ లోపలికి పోతుంటే, పక్కనుంచి వంగి చూస్తూ చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. మా వాట్సాప్ గ్రూపులో దాన్ని ఆకాశానికెత్తాను. ఇద్దరు ముగ్గురు నా మాట నమ్మి కొన్నారు కూడా.

నెల తిరక్కుండా ఆ మాట మింగాల్సి వచ్చింది. ఒక మలుపులో దారికి అడ్డంగా చెట్టు పడి ఉంది. ఎడమ పక్క లోయ, తిప్పడానికి చోటు లేదు. రివర్స్ వేశాను. కడ్డీలు పైకెత్తి కొక్కేనికి తగిలించకుండా రివర్స్ వేయకూడదని డబ్బా మీద రాసి ఉంది, చదివాను కూడా. కానీ పక్కన లోయ ఉన్నప్పుడు డబ్బా మీది అక్షరాలు ఎవరికి గుర్తుంటాయి? రెండడుగులు వెనక్కి పోయిందో లేదో ఠంగుమని చప్పుడు. కుడి కడ్డీ మొన మంచులో దిగి, బండి వెనక్కి నెట్టేసరికి మెలితిరిగి ట్రాక్‌లోకి పోయింది. ట్రాక్ జామ్. మోకాళ్ల మీద కూర్చొని, గ్లవ్స్ తీసేసి, స్పానరుతో దాన్ని ఊడదీయడానికి నలభై నిమిషాలు. స్ప్రింగు ముక్క మంచులో ఎక్కడో ఉండిపోయింది. జూలైలో ఎవరికైనా దొరికి ఉంటే అది నాదే. ఆ తర్వాత ఒక్క స్క్రాచర్‌తో దిగొచ్చాను, వేడి 165. ఒక్కటి ఉన్నా సగం పని చేస్తుందని అలా తెలిసింది.

గ్రూపులో ఆ ఇద్దరు ముగ్గురికీ విడివిడిగా మెసేజ్ పెట్టాను. ఒకాయన అప్పటికే విరగ్గొట్టుకున్నాడు.

తర్వాత కొన్నవే ఇప్పుడున్న తీగలవి. ఉక్కు తీగ పేనిన తాడులా ఉంటుంది, రివర్స్ వేస్తే వంగి వెనక్కి మళ్లుతుంది, ముందుకు పోగానే మళ్లీ సర్దుకుంటుంది. మూడు సీజన్లలో ఎన్నిసార్లు మరిచిపోయి రివర్స్ వేశానో లెక్కలేదు, ఒక్కసారీ విరగలేదు. మతిమరుపు మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే కడ్డీలంత గట్టిగా గీరవు. ఇది మొదట్లో ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. బాగా బిగిసిన మంచు మీద కడ్డీలతో 140 ఉండే చోట తీగలతో 155 దాకా పోతుంది. నడక వేగంతో పోతే దాదాపు ఏమీ లేవదు, పాతిక మైళ్ల వేగమైనా ఉండాలి. పిల్లలతో నెమ్మదిగా వెళ్లిన రోజు మళ్లీ పార తీశాను. మధ్యలో మంచు కరిగి రోడ్డు బయటపడ్డ చోట కంకర మీద ఈడిస్తే మొనలు అరిగిపోతాయి. వెనక వచ్చేవాడి సంగతి వేరే చెప్పాలా? మా బావమరిది హెల్మెట్ అద్దం మీద గీతలన్నిటికీ నేనే కారణమట. ఇప్పుడు వాడే ముందు పోతాడు, నేను వెనక. వాడి బండి మంచు రవ్వ నా ముఖం మీద.

వదులుగా ఉన్న మంచులో, అంటే కొత్తగా పడినప్పుడైనా, మధ్యాహ్నం మెత్తబడ్డప్పుడైనా, ఇవి ఉన్నా లేకపోయినా ఒకటే. ముందువైపు రేడియేటర్ ఉన్న ట్రైల్ బండ్లకి ఇంత అవసరం ఉండకపోవచ్చు. యూటా, కొలరాడోల్లో పొడి మంచులో తిరిగే మనవాళ్లు జనవరిలో వీటిని పైకి కట్టేసి మరిచిపోవచ్చు. నాది తడి మంచు ఊరు, ఏప్రిల్ మనిషిని, పొద్దున్నే ఎక్కి పదకొండుకల్లా దిగిపోయే అలవాటు. రోజులో అతి గట్టి మంచు మీద నడిపేది నేనే కాబట్టి నాకు ఇవి లేకుండా కుదరదు. తొమ్మిదింటిదాకా పడుకొని బయల్దేరేవాళ్లకి ఈ వంద డాలర్లు మిగుల్తాయి.

కుడి వైపు మొన ఈసారి బాగా అరిగింది, తీగ పోగులు రెండు బయటికి వచ్చాయి. కొత్త జత ఆర్డర్ పెట్టాలి. కడ్డీలదా, తీగలదా అని అడిగాడు బావమరిది. వాడికి కడ్డీలే కావాలట, రివర్స్ వేసే ముందు గుర్తు చేసే బాధ్యత నాదట. ఆ లెక్కన వద్దనే చెప్పాను.